ఔరేపల్లెను మా పాఠంలోకి తీసుకురండి

వినతిపత్రం

గౌరవనీయులైన విశ్వవిద్యాలయ ఉపకులపతుల వారికి, అర్థశాస్త్ర బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షుల వారికి, రాష్ట్ర ఉన్నత విద్యామండలి వారికి

విషయం: ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ కళాశాలల్లో మొదటి సెమిస్టర్ సూక్ష్మ అర్థశాస్త్రం పాఠ్యాంశాలను, బోధనను, పరీక్ష పద్ధతిని మార్చవలసిందిగా కోరుతూ.

ఆర్యా,

మేము ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో బీఏ అర్థశాస్త్రం చదువుతున్న విద్యార్థులం. మాకు పాఠం చెప్పే కొందరు అధ్యాపకులు, డిగ్రీ ముగించి సీపీగెట్‌కో గ్రూప్స్‌కో తయారవుతున్న మా సీనియర్లు కూడా దీని మీద సంతకాలు పెట్టారు. స్కాలర్‌షిప్పులు, హాస్టల్ మెస్సు, బస్సు పాసుల మీద వినతిపత్రాలు తమకు తరచూ అందుతూనే ఉంటాయి. ఆ బాధలు మాకూ ఉన్నాయి. కానీ ఈ కాగితం ఒక్క సబ్జెక్టు గురించి మాత్రమే, అందుకని కాస్త పొడుగైనా చివరిదాకా చదవమని మనవి.

1975లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లు మెట్ట ప్రాంతపు రైతు బతుకు ఎట్లా నడుస్తుందో తెలుసుకోవడానికి ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. నాలుగు మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా జిల్లాలవి. మిగిలిన రెండూ మా పాలమూరువి, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లావి: ఔరేపల్లె, డోకూరు. ఊరికి 40 ఇళ్లు తీసుకున్నారు. కూలీల ఇళ్లు 10, చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి. ఊళ్లోనే ఉండిపోయిన పరిశోధకులు మూడు నాలుగు వారాలకోసారి గడప గడపకూ పోయి, ఏం విత్తారు, ఎంత పండింది, ఎంతకు అమ్మారు, ఏం తిన్నారు, ఎవరి దగ్గర చేబదులు తెచ్చారు, కూలి ఎంత ముట్టింది అని రాసుకున్నారు. ఔరేపల్లెలో ఈ లెక్క పదేళ్లు నడిచింది.

ఆ లెక్కలు ప్రపంచమంతా తిరిగాయి. హాన్స్ బిన్స్‌వాంగర్ ఆ ఊళ్ల రైతులతో నాణెం ఎగరేసే పందాలు ఆడించి, గెలిచినవాళ్లకు నిజం డబ్బులే ఇచ్చి, మనిషి నష్టభయాన్ని ఎట్లా కొలవవచ్చో 1980లో రాశాడు. పందెం సొమ్ము పెరిగేకొద్దీ ఉన్నవాడూ లేనివాడూ దాదాపు ఒకే తీరుగా వెనకాడారని తేలింది. 1989లో రోజెన్‌వీగ్, స్టార్క్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన ఇళ్లలో ఆడపిల్లను దూరపు ఊరికి ఇవ్వడం వెనక వాన లెక్క ఉందన్నారు. ఇక్కడ కరువొస్తే అక్కడ పంట ఉంటుంది, వియ్యంకుల ఇల్లు కష్టకాలంలో ఆదుకుంటుంది. అట్లా దూరపు సంబంధాలున్న కుటుంబాల్లో తిండిలో ఎగుడుదిగుళ్లు తక్కువని చూపించారు. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ ఔరేపల్లె లెక్కలను మరో రెండు మహారాష్ట్ర ఊళ్ల లెక్కలతో కలిపి ‘ఎకనోమెట్రికా’లో ప్రచురించిన వ్యాసం ఈ శాస్త్రం చదివేవాళ్లంతా ఎక్కడో ఒకచోట ఎదుర్కొనేదే. ఒక ఇంటి పంట పోయినంత మాత్రాన ఆ ఇంటి తిండి అంత పడిపోదు, ఊరందరి తిండి పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అని ఆయన తేల్చాడు. చేబదులు, బంధుత్వం, దాచిన గింజలు కలిసి ఊరే ఒక బీమా అన్నమాట. అది పూర్తి బీమా కాదనీ, మూడింటిలో ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకు ఆ రక్షణ తక్కువనీ కూడా ఆయనే రాశాడు.

ఇంకా ఉంది. దేశంలో వానను బట్టి చెల్లించే తొలి బీమా పాలసీలు 2003లో పాలమూరు వేరుశనగ, ఆముదం రైతులకే అమ్మారు. బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, ఐసీఐసీఐ లొంబార్డ్ బీమా కంపెనీ కలిసి చేసిన పని అది. తర్వాత జినే, టౌన్‌సెండ్, విక్రీ అనే ముగ్గురు ఈ పాలసీలు ఎవరు కొన్నారని వెతికితే పుస్తకానికి అడ్డం తిరిగిన ఫలితం వచ్చింది. నష్టానికి ఎక్కువ భయపడేవాళ్లు బీమా ఎక్కువ కొనాలి కదా, మన రైతుల్లో వాళ్లే తక్కువ కొన్నారు. ఎరగని కంపెనీ, ఎరగని కాగితం, దాన్ని నమ్మడమే వాళ్లకు పెద్ద పందెం. నల్లగొండ సంగతికి వస్తే, ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు తొలి విడతలోనే రెండు జిల్లాలూ ఉన్నాయి. ఆ కూలి డబ్బు వేలిముద్ర కార్డుల ద్వారా ఇచ్చే పద్ధతిని 2010–12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో మండలాలను లాటరీ తీసి పరీక్షించినప్పుడు నల్లగొండ అందులో ఒకటి. కార్డులు ముందుగా వచ్చిన మండలాల్లో రైతుల పొలాల్లో కూలిరేటు కూడా పెరిగింది, పని మాత్రం తగ్గలేదు. కూలి పెరిగితే పని పడిపోతుందని మేం గీసే డిమాండు రేఖ అంత సూటిగా నడవలేదన్నమాట. కూలీలను పెట్టుకునేవాళ్లు కొద్దిమందే ఉన్నచోట ఇట్లా జరగవచ్చని సిద్ధాంతం చెబుతుంది. మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ రాసిన ఆ వ్యాసం 2023లో అదే ‘ఎకనోమెట్రికా’లో వచ్చింది.

వీటిలో ఒక్కటీ మాకు తరగతిలో తెలియలేదు. మాలో ఒకరు పీజీ కోసం హైదరాబాద్ పోయాక అక్కడి రీడింగ్ లిస్టులో సొంత జిల్లా పేరు చూసి ఫోన్ చేస్తే మాకు తెలిసింది. ఎక్కడో అమెరికాలో పిల్లలు దేవరకద్ర మండలంలోని డోకూరు పేరు పలకడానికి తంటాలు పడుతుంటే, దేవరకద్ర బస్సెక్కి కాలేజీకి వచ్చే విద్యార్థి కాఫీకి టీ ప్రత్యామ్నాయమని, పెన్నుకు సిరా పూరకమని రాసి మార్కులు తెచ్చుకుంటున్నాడు. ఇదే మా ఫిర్యాదు. ఇది ఏ ఒక్క కళాశాల మీదనో, ఏ ఒక్క అధ్యాపకుని మీదనో కాదు. పుస్తకం, ప్రశ్నపత్రం, పీరియడ్ల లెక్క అన్నీ కలిసి ఇట్లా తయారయ్యాయి.

తరగతిలో జరిగేది కూడా తమకు తెలియాలి. మాలో ఎక్కువమంది ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ చదివి వచ్చినవాళ్లం. క్షీణోపాంత ప్రయోజన సూత్రం, డిమాండు వ్యాకోచత్వం, సంపూర్ణ పోటీ, ఏకస్వామ్యం, ఇవన్నీ ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఒకసారి రాశాం. డిగ్రీలో అవే మళ్లీ వచ్చాయి, మధ్యలో ఉదాసీనతా వక్రరేఖలు కొంచెం ఎక్కువ. పరీక్షలో ప్రశ్న కూడా పాతదే: ఫలానా సూత్రాన్ని వివరించి, దాని ప్రమేయాలు, మినహాయింపులు రాయుము. గైడులో ఆరు మినహాయింపులుంటాయి, ఆరూ బట్టీ పడితే గట్టెక్కినట్టే. ఆ సూత్రం నిజంగా ఎక్కడ పనిచేసింది, ఎక్కడ తప్పింది అని ఎవరూ అడగరు. గణితం దగ్గర మాత్రం అడ్డం తిరుగుతుంది. ఉపాంత వ్యయం కనుక్కోవడానికి అవకలనం కావాలి. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టనివాళ్లకు దాన్ని ఒక్క పీరియడ్‌లో బోర్డు మీద రాసి ముందుకు పోతారు. తప్పు అధ్యాపకులది కాదు, సెమిస్టర్ అంత చిన్నది. అతిథి అధ్యాపకులు వచ్చేసరికే సగం గడిచిపోయిన సందర్భాలు ఉన్నాయి.

పాఠాన్ని సులువు చేయమని మేం అడగడం లేదు. ఈ సంగతి నొక్కి చెబుతున్నాం, ఎందుకంటే విద్యార్థులు సిలబస్ మీద వినతిపత్రం ఇచ్చారంటే తగ్గించమని అడిగారనే అనుకుంటారు. ఉదాసీనతా వక్రరేఖలు ఉండాలి. నష్టభయం, సమాచార లోపం, బాహ్య ప్రభావాలు, కొనేవాడు ఒక్కడే ఉన్న మార్కెట్, ఇవి ఇంకా చేర్చాలి. కానీ వాటిని మా కళ్ల ముందున్న సరుకుతో, కూలితో, నీళ్లతో చెప్పండి.

ఏం చెప్పవచ్చో మాకు తోచినవి కొన్ని రాస్తున్నాం. వజ్రం ఖరీదు, నీళ్లు చవక ఎందుకన్న ఆడం స్మిత్ చిక్కుప్రశ్న ప్రతి పుస్తకంలోనూ మొదటి అధ్యాయంలో ఉంటుంది. దాన్ని మర్రిగూడ, నాంపల్లి వైపు నుంచి వచ్చిన విద్యార్థి ముందు పెట్టండి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసి పెరిగినవాడికి, ఆ పక్కనే నాగార్జునసాగర్ నిండుగా ఉండగా చూసినవాడికి, నీటి మొత్తం ప్రయోజనం వేరు, ఉపాంత ప్రయోజనం వేరు అని చెప్పడానికి బొమ్మే అక్కర్లేదు. ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి ప్రపంచమంతటా మా జిల్లా పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అంటారు. మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లోనే లేచింది. తాగునీటిని మార్కెట్‌కు వదిలేయాలా, ప్రభుత్వం ఇవ్వాలా అన్న చర్చకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఉదాసీనతా వక్రరేఖకు యాపిల్, నారింజ వద్దు, సన్నబియ్యం చాలు. రేషన్‌లో దొడ్డుబియ్యం ఇచ్చిన రోజుల్లో చాలా ఇళ్లవాళ్లు వాటిని కిలో ఇంతని తెగనమ్మి, మీద డబ్బులు వేసుకుని సన్నబియ్యం కొనుక్కునేవాళ్లు. వస్తువు రూపంలో సాయం మేలా, నగదు మేలా అన్న ప్రశ్న అక్కడే ఉంది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది, మనిషికి నెలకు 6 కిలోలు. అంతకుముందు 2024 వానాకాలం నుంచే సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించారు. బోనస్ వచ్చాక రైతు ఏ విత్తనానికి మారాడు, మిర్యాలగూడ మిల్లుల దగ్గర ధర ఏమైంది, కిరాణా కొట్టులో సన్నబియ్యం బస్తా రేటు కదిలిందా లేదా? ఒక్క సరుకుతో సెమిస్టర్‌లో సగం పాఠాలు చెప్పవచ్చు.

ధర సున్నా అయితే ఏమవుతుందన్నది మాలో ఆడపిల్లలు ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైన 2023 డిసెంబర్ 9 నుంచి రోజూ చూస్తున్నారు. టికెట్టు లేదు, సీటూ లేదు. డబ్బుతో చెల్లించని ధరను గంటసేపు నిలబడి చెల్లిస్తున్నారు. అయినా చదువు మానేయాలనుకున్న మా చెల్లెళ్లు కొందరు ఆ బస్సు వల్లే కాలేజీకి వస్తున్నారు, కాబట్టి ఆ పాఠం ‘ఉచితం చెడ్డది’ అని తేల్చేస్తే ఒప్పుకోం, లెక్క వేసి చెప్పాలి. బోరు మోటారుకు ఉచిత కరెంటు కూడా అటువంటిదే. 24 గంటల సరఫరా 2018 జనవరి 1న మొదలైంది. నీళ్లు తోడడానికి ఒక్క పైసా అదనంగా పడనప్పుడు పక్కవాడి బోరుకంటే వంద అడుగులు లోతుకు పోవడమే ఒక్కో రైతుకూ తెలివైన పని, ఊరందరికీ కలిపి చూస్తే నష్టం.

మునుగోడు వైపు బత్తాయి తోటకు సరఫరా వ్యాకోచత్వం ఎందుకు తక్కువో రైతును అడగండి. మంచి ధర చూసి మొక్క నాటితే కాపు చేతికి రావడానికి నాలుగైదేళ్లు, ఈలోపు ధర ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు. పత్తికి మద్దతు ధర ఉంది, కానీ కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే తిరస్కారం. కనీస ధర అనేది పుస్తకంలో ఒక అడ్డగీత, జిన్నింగ్ మిల్లు గేటు ముందు ట్రాక్టరులో కూర్చున్నవాడికి ఆ గీత తేమ మీటరు మీద ఆధారపడి కదులుతుంది. పరిమితస్వామ్యానికి హుజూర్‌నగర్, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. దేశంలోని 11 సిమెంటు కంపెనీలు కలిసికట్టుగా ధరలు పెంచాయని కాంపిటీషన్ కమిషన్ 2012లో 6,000 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. అటువంటి కేసులో కుమ్మక్కును ఎట్లా రుజువు చేస్తారు, ఒకే రోజు ఒకే రేటు పెరిగితే అది కుమ్మక్కా, పోటీయేనా అని తరగతిలో వాదించుకోనివ్వండి.

ఇక పాలమూరు కూలి. గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, ఆ అడ్వాన్సు తీరేదాకా కట్టుబడి చేసే పని, బొంబాయి, పూణె బస్సులు. శ్రామిక మార్కెట్, రుణ మార్కెట్ ఒకే మనిషి చేతిలో ముడిపడితే వేతనం ఎట్లా నిర్ణయమవుతుందో చెప్పడానికి ఏ విదేశీ ఉదాహరణా దీనికి సాటిరాదు. వేతనాల అధ్యాయంలో దీని గురించి ఒక్క వాక్యం లేకపోవడం మాకు అవమానంగా ఉంది. ఈ మాట కొంచెం గట్టిగా అన్నామని తెలుసు, అయినా తీసేయం.

మా కోరికలు ఇవి. నల్లగొండలో 2007లో, మహబూబ్‌నగర్‌లో 2008లో విశ్వవిద్యాలయాలు వచ్చాయి. రెండు చోట్లా అర్థశాస్త్రం చెప్పేవాళ్లు కలిసి తెలుగులో ఒక ఉదాహరణల పుస్తకం తయారు చేయాలి. ప్రతి యూనిట్‌కూ ఈ నేల నుంచి ఒక సందర్భం, దాని అంకెలు, దాని మీద ప్రశ్నలు అందులో ఉండాలి. పైన చెప్పిన పరిశోధనల సారాంశాలు మాకు అర్థమయ్యే భాషలో అందులో రావాలి. తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలకు ఇది తోడుగా ఉంటుంది, వాటిని తీసేయనక్కర్లేదు.

ప్రశ్నపత్రంలో సగం మార్కులు అన్వయానికి కేటాయించాలని మా రెండో కోరిక, మిగతావాటికంటే ఇదే మాకు ముఖ్యం. ప్రశ్న మారకుండా పాఠం మారదు. పత్తి రేట్ల పట్టిక ఒకటి ఇచ్చి, సరఫరా ఏ దిక్కుకు జరిగిందో బొమ్మ గీసి చెప్పమనండి, గైడు కొట్లు వాటంతట అవే మూతపడతాయి. ప్రశ్నలు తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలోనూ పక్కపక్కన ఉండాలి. ఇంగ్లిష్ మీడియంలో చేరినవాళ్లలో ఎక్కువమంది నిన్నమొన్నటిదాకా తెలుగులో చదివినవాళ్లే.

ఇంటర్నల్ మార్కుల్లో కొంత భాగాన్ని మార్కెట్ యార్డు పనికి ఇవ్వాలి. జడ్చర్ల దగ్గర బాదేపల్లి యార్డు, దేవరకద్ర ఉల్లి వేలం, మిర్యాలగూడ వడ్లు, ఏది దగ్గరైతే అది. ఖరీదుదారులు ఎంతమంది పాట పాడారు, మొదటి పాట ఎంత, ఆఖరి పాట ఎంత, తరుగు పేరున ఎంత పోయింది, హమాలీ, దడ్వాయి ఖర్చు ఎవరి మీద పడింది అని విద్యార్థులే రాసుకుని రావాలి. ఈ–నామ్ 2016 నుంచి నడుస్తోంది, అగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీ ధరలు ఎవరైనా చూడవచ్చు, కాబట్టి మేం రాసింది సరా కాదా అన్నది పోల్చుకోవచ్చు. మార్కెటింగ్ శాఖకు విశ్వవిద్యాలయం ఒక లేఖ రాస్తే చాలు, లేకపోతే యార్డు గేటు దగ్గరే మమ్మల్ని ఆపేస్తారు. ఇక్రిశాట్ ఊళ్ల లెక్కలు కూడా పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. కంప్యూటర్ ల్యాబులో వారానికి ఒక పీరియడ్ అర్థశాస్త్రానికి ఇస్తే వాటిని మేమూ తెరిచి చూడగలం.

సెమిస్టర్ మొదట్లో రెండు వారాలు గణితానికి కేటాయించాలి. వాలు, బొమ్మ, అవకలనం, ఇంతే. ఇంటర్‌లో చదివిన భాగాన్ని తగ్గిస్తే ఈ రెండు వారాలు అక్కడే దొరుకుతాయి. ఖాళీగా ఉన్న అర్థశాస్త్ర అధ్యాపక పోస్టులు నింపాలని, అంతవరకు అతిథి అధ్యాపకులనైనా తరగతులు మొదలయ్యే రోజుకే తీసుకోవాలని కూడా అడుగుతున్నాం. ఈ పని విశ్వవిద్యాలయాల చేతిలో మాత్రమే లేదని తెలుసు, అందుకే ఒక ప్రతి ఉన్నత విద్యామండలికి పంపుతున్నాం.

సంతకాలు సేకరిస్తున్నప్పుడు మాలోనే ఒక అభ్యంతరం వచ్చింది. సీపీగెట్‌లో, గ్రూప్స్‌లో, నెట్‌లో బాదేపల్లి యార్డు గురించి అడగరు, పుస్తకంలో ఉన్న సూత్రమే అడుగుతారు, ఈ తిరుగుళ్ల వల్ల మన ర్యాంకులు పోతాయి అని. మాట నిజమే, పట్టించుకోవాల్సిందే. మా జవాబు ఇది: ఆ పరీక్షల్లో వచ్చే సూత్రాలన్నీ సిలబస్‌లో ఉంటాయి, ఒక్కటీ తీసేయమనడం లేదు. సూత్రాన్ని ఒకసారి సొంత అంకెల మీద పెట్టి చూసినవాడు దాన్ని మరిచిపోడని మా నమ్మకం. అది తప్పని తేలితే మొదటి ఏడాది ఫలితాలు చూసి తమరే మార్చవచ్చు. ఒక అధ్యాపకుడు ఇంకో మాటన్నారు, ఇట్లా పోతే అర్థశాస్త్రం కాస్తా పత్రికా వార్త అయిపోతుందని. ఔరేపల్లె మీద వచ్చిన వ్యాసాల్లో ఉన్నంత గణితం మా సిలబస్‌లో ఎక్కడా లేదు, ఆ భయం అక్కర్లేదు.

ఖర్చు విషయం కూడా మేమే చెబుతాం. పుస్తకం అచ్చుకు, ఒకటి రెండు కార్యశాలలకు, ల్యాబ్ వేళలకు తప్ప పెద్ద ఖర్చు లేదు. యార్డుకు పోయిరావడానికి ఆడపిల్లలకు బస్సు ఉచితం, మగపిల్లల టికెట్లు మేమే పెట్టుకుంటాం.

కావున, రాబోయే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశపు ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చవలసిందిగా, ఆ రోజు మా తరఫున ఇద్దరు విద్యార్థులను, ఒక అధ్యాపకుని పిలిచి వినవలసిందిగా, ఏ కోరిక ఒప్పుకున్నారో ఏది ఎందుకు కుదరదో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం. అన్నీ ఒకేసారి సాధ్యం కాకపోతే ప్రశ్నపత్రంతో మొదలుపెట్టండి.

ఇట్లు,
తమ విధేయులు,
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ అర్థశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకులు
(సంతకాల ప్రతులు జతపరచడమైనది)